కొబ్బరినూనె పట్టించిన స్కీలు

ఆవకాయ కలిపేటప్పుడు నేను కొలత తప్పను. మాట్లాడేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త జారుతుంది. ఒక గరిటె కారం పడాల్సిన చోట మూడు పడతాయి. మస్కట్‌లో పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో వంట చేస్తున్నాను. ఆ ఇంటి డాక్టరమ్మకూ, ఆవిడ కూతురికీ నా పప్పుచారు ఎంత అలవాటో నా గొప్పలూ అంతే అలవాటు. శుక్రవారం సెలవుకి హమ్రియా పేటలో ఒక కడప మనిషి రూముకి వెళ్తాను. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అక్కా అంటాను. నా కబుర్లు వింటూ ఉల్లిపాయలు తరుగుతుంది. మరీ ఎక్కువైందనిపిస్తే కత్తి ఎత్తి చూపించి, "సాలు మే, కొంచెం తగ్గించు" అంటుంది. నేను సగానికి తగ్గిస్తాను. మిగిలిన సగం కూడా అంతంత మాత్రమేనని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు రాసేది జపానులో స్కీయింగుకి వెళ్ళిన సంగతి. దీన్ని తగ్గించలేదు. తగ్గిస్తే నా తప్పు కూడా తగ్గిపోతుంది.

డాక్టరమ్మ కూతురికి పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ కొండల మధ్య నీళ్ళు పారే ఒక వాదీకి పిక్నిక్ వెళ్ళాం. నేను కోడికూర గిన్నె మూత తీస్తున్నాను, అంతలో కేక వినిపించింది. పిల్ల నాచు పట్టిన బండ మీద కాలు పెట్టి జారిపడింది. ఎడమ చెయ్యి విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు తీసేశాక చెయ్యి మామూలుగానే ఉంది, పిల్ల మాత్రం మామూలుగా లేదు. మేడమెట్లు దిగాలంటే కూర్చుని, ఒక్కో మెట్టూ పిరుదుల మీద దిగేది. బాత్రూములో తడి కనిపిస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయేది. ఈతకి వెళ్ళడం మానేసింది, స్నేహితురాళ్ళతో పార్కుకి వెళ్ళడం కూడా మానేసింది.

"ఎముక అతుక్కుంది, పిల్లే ఇంకా అతుక్కోలేదు" అంది డాక్టరమ్మ ఒకరోజు, ఎక్స్‌రే కవరు వంటింటి బల్ల మీద పడేసి.

పిల్ల తిండి కూడా తగ్గించేసింది. వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టుకుని, కబుర్లు చెప్తూ తినిపించేదాన్ని. మేమిద్దరం మాట్లాడుకునేది మా ఇద్దరికే అర్థమయ్యే భాష: సగం హిందీ, పావు అరబ్బీ, మిగతాది చేతులు. నన్ను 'ఖాలా' అంటుంది, పిన్ని అన్నట్టు. ఒక ఆగస్టు మధ్యాహ్నం, బయట ఎండకి కారు తలుపు పట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేలా ఉంది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, మా ఊరి పక్కన మంచుకొండ ఉందని చెప్పాను.

"ఇండియాలోనా? మీ ఊళ్ళోనా?"

"గోదావరికి అన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నావు? ఆ మంచు కరిగే."

పిల్ల నోరు తెరిచింది. ముద్ద పెట్టేశాను. నోరు తెరిపించే దారి అదని తెలిశాక ఇక ఆగుతానా? తాటిమట్ట మీద కూర్చుని ఆ కొండ మీది నుంచి జారేదాన్నన్నాను. ఎంత వేగంగానంటే, పైన నేను పెట్టిన కేక నాకంటే వెనకబడి, నేను కిందకి దిగి పావడా దులుపుకున్నాక తీరిగ్గా వచ్చి చెవిలో పడేదన్నాను. ఆ రోజు రెండు గిన్నెలు తింది. మర్నాడు స్టూలెక్కి, "తర్వాత?" అంది. తర్వాతంటే చెప్పాలి కదా. ఏడాది పాటు చెప్పాను. ఆ కొండ మీద నేను పడని చోటు లేదు, లేవని చోటు లేదు. పడటం, లేవటం ఎక్కువగా చెప్పింది మాత్రం కావాలనే. పిల్ల వినాల్సింది అదేననుకున్నాను.

ఆ మరుసటి చలికాలం డాక్టరమ్మ వంటింట్లోకి వచ్చి టీ అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసే ఒకావిడ జపానులో పెద్దగా ఎవరికీ తెలియని ఒక మంచు ఊరి గురించి చెప్పిందట. జనం ఉండరు, వాలు చిన్నది, నేర్పేవాళ్ళు ఓపికమంతులు. పడితే దెబ్బ తగలని చోట పిల్లని నాలుగుసార్లు పడనిస్తే భయం పోతుందేమోనని ఆవిడ ఆశ.

"నువ్వొస్తేనే వస్తానంటోంది. నీకు స్కీయింగు బాగా వచ్చట కదా. నిజంగా వచ్చా?"

పిల్ల ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి నన్నే చూస్తోంది. పదహారేళ్ళలో ఆ ఇంట్లో నాకు అంత కష్టమైన ప్రశ్న ఎదురవలేదు. రాదంటే పిల్ల వెళ్ళదు.

"కొద్దిగా" అన్నాను.

ఆ శుక్రవారం హమ్రియాలో అక్క కత్తి కింద పెట్టేసి నవ్వింది.

"జపానుకి పోతాండావా? మంచులో జారేదానికా? రూములో ఫినాయిల్ ఏస్తేనే గోడ పట్టుకోని నడుస్తావు గదమే!"

"అది వేరే జారడం అక్కా."

"యా జారడమైనా నడుమిరిగేది ఒగటే." తర్వాత నవ్వు ఆపి, "ఆ బిడ్డకి నిజం సెప్పెయ్ మే. నిన్ను నమ్ముకోనుండాది. ఆడికి పోయినాంక తెలిస్తే ఇంగ ఎవురినీ నమ్మదు. మెట్లు కూడా దిగదు" అంది.

నిజమే. చెప్దామనే అనుకున్నాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఉండగానే నా పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడింది.

బయల్దేరే ముందు సాధన కోసమని డాక్టరమ్మ మమ్మల్ని బిదియా ఇసుక తిన్నెలకి తీసుకెళ్ళింది. అక్కడ చెక్క పలకలు అద్దెకిస్తారు, వాటి మీద నిలబడి తిన్నె మీది నుంచి కిందకి జారాలి. పలకలవాడు ఒక్కో పలకా తిరగేసి, అడుగున కొవ్వొత్తి ముక్క పరపరా రుద్ది ఇస్తున్నాడు. అది రుద్దకపోతే పలక కదలదట. బుద్ధిగా చూసి గుర్తుపెట్టుకున్నాను. చూసింది పూర్తిగా అర్థం చేసుకోకపోయినా గుర్తుపెట్టుకోవడంలో మాత్రం నేను దిట్టని.

"ఖాలా, నువ్వు చూపించు" అంది పిల్ల.

"ఇసుక మీదా? నా కాళ్ళు మంచుకి అలవాటు పడ్డాయమ్మా. ఇసుక మీద జారితే పట్టు పాడవుతుంది."

పలకలవాడు నన్ను కింది నుంచి పైకి చూశాడు. అతనికి హిందీ బాగానే వచ్చనుకుంటాను. పిల్ల మాత్రం నమ్మింది. నమ్మి, తను కూడా పలక ఎక్కకుండా, నా చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా తిన్నె మీదే నిలబడింది. ఇద్దరం ఇసుకలో పాతిన గుంజల్లా నిలబడ్డాం. డాక్టరమ్మ కింద కారు దగ్గర నిలబడి చూసి చూసి, చివరికి కారెక్కి కూర్చుంది.

ఆ జపాను ఊరి పేరు రాయను. రాస్తే మీరంతా వెళ్తారు, ఆ ముసలాయన ఒక్కడూ అందరికీ వండలేడు. మేము దిగిన సత్రానికి యజమాని ఆయనే. డెబ్బై దాటిన మనిషి. పొద్దున్నే వంట, తర్వాత లిఫ్టు టికెట్లు, తర్వాత స్కీయింగు పాఠం, అన్నీ ఆయనే. కొండకంతటికీ ఒకే ఒక్క లిఫ్టు. తీగకి వేలాడే ఒంటి కుర్చీలు. పది కుర్చీలు ఖాళీగా వస్తే పదకొండో దాని మీద ఒకరు కనిపిస్తారు. మంచు చప్పుడు లేకుండా పడుతుంది. ఎంత పడిందంటే, రెండో రోజు పొద్దున ముసలాయన తలుపు తెరుచుకోక మేడమీది కిటికీలోంచి బయటికి వెళ్ళాడు. ఇది నేను పెంచి చెప్పింది కాదు, అక్కతో ఎన్నిసార్లు ఒట్టేసినా నమ్మలేదు.

ఆయన ఎండాకాలంలో వరి పండిస్తాడని మొదటిరోజే తెలిసింది. మాటలన్నీ ఫోనులోకి చెప్తే అది మాకు మార్చి చెప్పేది. చిన్న వాలు చూపించి ఫోనులో ఏదో అన్నాడు. "మీరు జారేది నా వరి చేల మీద" అంది ఫోను. ఇక నాకు ఫోను అక్కర్లేకపోయింది. నారు పీకడం, నాట్లు వెయ్యడం, కోతలు, అన్నీ వంగి చేతుల్తో చేసి చూపించాను. ఆయనా వంగి చేశాడు. డాక్టరమ్మ, పిల్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరు పెద్దవాళ్ళు చాప మీద వరి నాటడం చూశారు. ఆయన పెట్టిన అన్నంలో ఉప్పులో ఊరేసిన చిన్న ఎర్రటి కాయ ఉంది. నాలుక మీద పెట్టగానే కళ్ళు మూతలు పడ్డాయి. అంత పులుపు తిని ఎన్నాళ్ళయిందో!

పిల్ల సంగతి మాత్రం ముందుకి సాగలేదు. మొదటిరోజు బరువైన ఆ స్కీ బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. రెండో రోజు కాళ్ళకి ఆ పొడుగాటి స్కీ పలకలు తగిలించుకుని, చేతుల్లో ఊతకర్రలు పట్టుకుని చదును మీద నిలబడింది, అంతే. ముసలాయన కూడా స్కీలు తగిలించుకుని, మోకాళ్ళు కాస్త వంచి, ముందుకి వాలి, పక్కనే గంటసేపు ఊరికే నిలబడ్డాడు, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు. మేము ఉండేది నాలుగు రోజులే.

ఆ సాయంత్రం పిల్ల తేల్చి చెప్పింది.

"రేపు నువ్వు ముందు దిగు ఖాలా. మీ కొండ మీది నుంచి దిగినట్టు. నువ్వు దిగితే నేను దిగుతాను."

"దిగకపోతే?"

"నువ్వెందుకు దిగవు? నీకొచ్చు కదా."

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆవిడ చూపులో ఉన్నది అనుమానం కాదు, వేడుకోలు. అనుమానమైతే తట్టుకునేదాన్ని.

భోజనాలయ్యాక స్కీలు ఆరబెట్టే కొట్టులోకి వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలియక తల దువ్వుకుందామని సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీశాను. నేను ఏ దేశం వెళ్ళినా ఆ సీసా నాతోనే వస్తుంది. నూనె గడ్డకట్టి తెల్లగా, గట్టిగా, అచ్చం కొవ్వొత్తిలా ఉంది. చూడగానే బిదియా పలకలవాడు గుర్తొచ్చాడు. స్కీలు నున్నగా ఉంటే తోసే పని లేదు, కాళ్ళు ఊరికే నిలబెడితే చాలు, అవే తీసుకుపోతాయి, నాకు రాదని ఎవరికీ తెలియదు. ఇదీ నా తెలివి. సీసా మూతి దగ్గర చెంచాతో తవ్వి తీసి, నా స్కీలకీ పిల్ల స్కీలకీ అడుగున దట్టంగా పట్టించాను. తలకి పట్టించేటప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

మర్నాడు పొద్దున చిన్న వాలు పైన ముగ్గురం నిలబడ్డాం: నేను, పిల్ల, ముసలాయన. కింద డాక్టరమ్మ ఫోను పట్టుకుని వీడియోకి సిద్ధంగా ఉంది. ఆ వాలు ఎత్తు మా ఇంటి రెండో అంతస్తుకి మించదు. నాకు మాత్రం కింద డాక్టరమ్మ చీమంత కనిపించింది. కళ్ళు మూసుకుని, దేవుడికి దండం పెట్టుకుని, కర్రలతో ఒక్క తోపు తోశాను.

కదల్లేదు.

ఇంకా గట్టిగా తోశాను. నడుము కదిలింది, స్కీలు కదల్లేదు. ఒక కాలు ఎత్తి చూస్తే అడుగున మంచు ముద్దలు ముద్దలుగా పేరుకుపోయి ఉంది, దమ్ము చేసిన చేలో నడిస్తే కాళ్ళకి పట్టుకునే బురదలాగ. కాలు దించి రెండోది ఎత్తాను. దానికింకా ఎక్కువ. అలా ఎత్తి, వేసి, ఎత్తి, వేసి నాలుగడుగులు దిగాను. నలభై ఏడేళ్ళ మనిషిని, ఒక్కో కాలికీ జానెడు మంచు మడమ కట్టుకుని, కొండ మీద బాతులా నడిచాను.

వెనకాల నవ్వు వినిపించింది. పిల్ల నవ్వు. ఏడాదిలో అంత పెద్దగా నవ్వడం అదే మొదలు.

"ఖాలా! మీ ఊళ్ళో ఇలాగే జారతారా?"

ఇది జపాను మంచు, మాది వేరే రకం అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. పిల్ల మొహం చూశాను. నవ్వుతూనే ఉంది, చేతులు మాత్రం కర్రల్ని నొక్కి పట్టుకునే ఉన్నాయి. మంచు బాగాలేదంటే, అయితే వెళ్ళిపోదాం అంటుంది. ఆ మాట కోసమే చూస్తోంది.

"మా ఊళ్ళో మంచు లేదమ్మా."

"కరిగిపోయిందా?"

"ఎప్పుడూ లేదు."

"మరి కొండ?"

"కొండా లేదు. కాలవగట్టు ఉంది. నా నడుమంత ఎత్తు."

"తాటిమట్ట?"

"అది ఉంది" అన్నాను, ఒక్కటైనా ఉన్నందుకు ఊపిరి పీల్చుకుని. "దాని మీద కూర్చుని బురదలోకి జారేవాళ్ళం. అంతవరకూ నిజం."

ఈ లోపు ముసలాయన మా స్కీలు విప్పించి తిరగేశాడు. వేలితో తీసి వాసన చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. తర్వాత జేబులోంచి చిన్న రేకు ముక్క తీసి, పిల్ల స్కీల అడుగున కొబ్బరినూనె అంతా గీకడం మొదలుపెట్టాడు, మాడిన గిన్నె అడుగు గీకినట్టు. గీకి, ఇంకో జేబులోంచి మైనం బిళ్ళ తీసి రుద్దాడు. పిల్ల మళ్ళీ స్కీలు తగిలించుకునేదాకా మంచులో కూర్చుని నన్ను చూస్తూనే ఉంది. మొహంలో నవ్వు పోయింది. అక్క చెప్పింది జరిగిందనుకున్నాను. ఇక ఈ పిల్ల ఎవరినీ నమ్మదు, మెట్లు కూడా దిగదు.

"ఏడాది నుంచీ అబద్ధమేనా?"

"అవును."

"నేను క్లాసులో అందరికీ చెప్పాను! మా ఖాలా మంచుకొండ మీది నుంచి దిగుతుందని! టీచరుకి కూడా చెప్పాను! కద్దాబా!"

అరబ్బీలో ఆ మాటకి అబద్ధాలకోరని అర్థం. అనకూడదని డాక్టరమ్మ పిల్లకి నేర్పిన మాటల్లో మొదటిది.

"నీకూ భయమేనా?"

"నీకంటే ఎక్కువ."

అక్కడితో పిల్ల మొహం కందగడ్డ అయిపోయింది. "అమ్మకి చెప్తాను."

"చెప్పు."

"ఇప్పుడే చెప్తాను!"

చెప్పడానికి వెళ్ళింది. డాక్టరమ్మ ఉన్నది కింద. కిందకి ఉన్న దారి ఒకటే. పిల్ల తను జారుతున్నానని గమనించినట్టు లేదు. ముసలాయన ముందురోజు పక్కన నిలబడి చూపించినట్టే మోకాళ్ళు వంచింది, ఒంటిని ముందుకి వాల్చింది, సగం దూరం వెళ్ళాక పడింది. లేచి, మొహం మీది మంచు తుడుచుకోకుండా, నా వైపు తిరిగి బెదిరిస్తున్నట్టు వేలు చూపించి, మళ్ళీ వెళ్ళింది. కోపంలో ఉన్న మనిషికి పడటం ఒక లెక్క కాదు. కింద తల్లి ముందు ఆగి, రెండు చేతులూ ఆడిస్తూ నా మీద నేరాలన్నీ చెప్పింది. డాక్టరమ్మ చేతిలో ఫోను ఎప్పుడో మంచులో పడిపోయింది. ఆవిడ ఏం విన్నదో నాకు తెలియదు. పిల్లని ఒళ్ళోకి లాక్కోబోతే, ఫిర్యాదు ఇంకా పూర్తికాలేదని పిల్ల విదిలించుకుంది.

నేను వాలు పైకి తిరిగి ఎక్కి, విప్పిన స్కీల పక్కన మంచులో కూర్చున్నాను. ముసలాయన నా పక్కన కూర్చుని ఒక చాక్లెట్టు ఇచ్చాడు.

కాసేపటికి లిఫ్టు కుర్చీ మీద పిల్ల పైకి వచ్చింది.

"ఇంకోటి అడగడం మర్చిపోయాను. పెరుగన్నం తిన్న చిరుతపులి?"

"అదీ అబద్ధమే."

"అమ్మకి చెప్తాను!"

మళ్ళీ దిగింది. ఈసారి పడలేదు. మళ్ళీ వచ్చింది. విమానం నడిపిన మా మేనమామ? అబద్ధం. దిగింది. నన్ను చూసి తలుపు తీసిన రాష్ట్రపతి? అబద్ధం. దిగింది. ఒక్కో అబద్ధం ఒప్పుకుంటే పిల్ల ఒకసారి కొండ దిగుతోందని నాలుగోసారికి నాకు తెలిసొచ్చింది. ఇక వరసగా ఒప్పుకున్నాను. అడగనివి కూడా గుర్తుచేసి మరీ ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళ సరుకు అంత లాభానికి అమ్ముడుపోతుందని ఎవరనుకుంటారు?

మధ్యాహ్నం రెండింటికి సరుకు అయిపోయింది. పిల్ల పైకి వస్తోంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, కుర్చీలోంచి కిందకి దిగడం కూడా చూసుకోవడం లేదు, దిగేసింది. నా దగ్గరికి వచ్చి, కర్రలు మంచులో గుచ్చి, "ఇంకా?" అంది.

వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు.

"నేను పదో తరగతిలో మా స్కూలు మొత్తానికి ఫస్టు వచ్చానని చెప్పానే..."

"అది కూడానా?"

అది నిజం. ఆ రోజు హెడ్మాస్టరు మైకులో నా పేరు చదివితే మా నాన్న లేచి నిలబడ్డాడు.

"అది కూడా" అన్నాను.

పిల్ల నన్ను ఒక్క క్షణం చూసి, తల అడ్డంగా తిప్పి, "అమ్మా!" అని కేకపెట్టి దిగిపోయింది.